ఎవరి ఊపిరి?

అంబులెన్సు స్టేషన్లో ఆయన్ని అందరూ బాబాయ్ అంటారు. వయసులో ఆయనకంటే పెద్దవాడైన స్టేషన్ ఆఫీసరు కూడా అలాగే పిలుస్తాడు, అదేం వరస అని ఎవరూ అడగరు. ఆయన పని బండిలో వెనక కూర్చోవడం. ముందు డ్రైవరు హారన్ కొడుతూ, జనాన్ని తిడుతూ దారి చేసుకుంటుంటే, వెనక రోగి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆసుపత్రి గుమ్మం దాకా ఆ ప్రాణాన్ని జారిపోకుండా పట్టుకునేవాడు బాబాయ్. ఊపిరి సలపని పని అంటామే, ఇది అక్షరాలా ఆ పనే.

మొన్నటి వానాకాలంలో ఒక కాల్ వచ్చింది. పాలు తాగి పడుకున్న పసిబిడ్డ లేవడం లేదని. వీళ్లు వెళ్లేసరికే అంతా అయిపోయింది. బాబాయ్ మాత్రం ఒప్పుకోలేదు. దారి పొడవునా రెండు వేళ్లతో ఆ చిన్న ఛాతీని నొక్కుతూనే ఉన్నాడు. ఆసుపత్రిలో డాక్టరు ఆయన మణికట్టు పట్టుకుని ఆపాల్సి వచ్చింది. ఎవరి తప్పూ లేదు, ఒక్కోసారి ఇలా జరుగుతుంటుంది అని ఆ డాక్టరే చెప్పాడు. బాబాయ్ చేతులు కడుక్కున్నాడు, స్ట్రెచరు తుడిచాడు, తర్వాతి కాల్‌కి వెళ్లిపోయాడు. ఇంట్లో మాత్రం ఈ సంగతి చెప్పలేదు. ఎలా చెబుతాడు? అప్పటికి కూతురికి నెలలు నిండుతున్నాయి.

ఆ తర్వాత కూతురు ఆడపిల్లని కన్నది. తల్లీబిడ్డా క్షేమం. పిల్లకి కాస్త మెడ నిలబడే వేళకి, అకాల వానలకి అల్లుడు వాళ్ల ఇంటి పైకప్పు కారడం మొదలైంది, గోడలన్నీ చెమ్మ. పనివాళ్లు వచ్చి బాగుచేసేదాకా పిల్లని తీసుకుని కూతురు పుట్టింటికి వచ్చింది. ఇల్లు చిన్నదే, ముందు గది, పడక గది, వంటిల్లు. బాబాయ్‌కి ప్రాణం లేచొచ్చినట్టయింది. మనవరాలు కళ్లముందే ఉంటుంది, ఇంకేం కావాలి?

అసలు గొడవంతా ఆ కళ్లముందే ఉండడంలోనే వచ్చింది.

పిల్ల పడుకుంటే చాలు, ఈయన కాలు గాలిన పిల్లిలా తిరిగేవాడు. ఉయ్యాల దగ్గరికి వెళ్లి, ఊపిరి బిగపట్టి, చెవి ఒగ్గి వినేవాడు. ఫ్యాన్ మోతలో వినపడలేదంటే ఫ్యాన్ ఆపేవాడు. అప్పటికీ అనుమానం తీరకపోతే ముక్కు కింద వేలు పెట్టి చూసేవాడు. అదీ చాలకపోతే పిల్ల అరికాలి మీద వేలితో టక్కున తట్టేవాడు. స్పృహ ఉందో లేదో తెలుసుకోవడానికి బండిలో అలాగే చేస్తారు మరి. పిల్లకి స్పృహ బ్రహ్మాండంగా ఉండేది. కెవ్వుమని ఇల్లెగిరిపోయేలా ఏడిచేది. ఆ ఏడుపు వినగానే ఈయన ముఖం వెలిగిపోయేది, కూతురి ముఖం మాడిపోయేది.

"నాన్నా, ఇప్పుడే కదా జోకొట్టి పడుకోబెట్టాను!"

"ఏం లేదమ్మా, ఊరికే చూశాను."

"చూడ్డానికి కళ్లు చాలవా? తట్టడం ఎందుకు?"

 దీనికి జవాబు కూతురికి చెప్పేది కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పైనుంచి ఒక ఆర్డరు దిగింది. ఆపదలో ఉన్నవాళ్లని ఆదుకునేవాళ్ల మనసులు అలిసిపోతున్నాయట. అందుకని అంబులెన్సు వాళ్లకీ, ఫైరు వాళ్లకీ, ఎమర్జెన్సీ వార్డు నర్సులకీ కలిపి మైండ్‌ఫుల్‌నెస్, అంటే మనసుని కుదురుగా ఉంచుకునే శిక్షణ ఇస్తారట. వారానికి ఒక పూట. డ్యూటీ కిందే లెక్క, రాకపోతే గైర్హాజరు.

"మనసుకి సర్వీసింగంట బాబాయ్," అన్నాడు డ్రైవరు కాగితం చదివి. "బండికి సర్వీసింగ్ చేయించండి మహాప్రభో అని నేను మొత్తుకుంటుంటే దిక్కు లేదు. మనకెందుకు చెప్పు?"

"కూర్చోబెట్టి కాఫీ ఇస్తారట, పోదాం పద."

క్లాసు ఫైర్ స్టేషన్ మేడ మీద. కింద ఫైరింజన్లు, పైన ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి ఎప్పుడో ఆగిపోయిన గడియారం. శిక్షణ ఇచ్చే ఆవిడ ఒకప్పుడు వార్డు నర్సు. మాట మెత్తన, నవ్వు గట్టిది. డ్రైవరు మొదటిరోజే ఆవిడకి ఊపిరి మేడం అని పేరు పెట్టేశాడు. ఆవిడ అందరినీ కళ్లు మూసుకోమని, ఒంటిని వదులు చేసుకోమని చెప్పి, ఇప్పుడు మొదలుపెడదాం అన్నట్టుగా సంచిలోంచి చిన్న గంట తీసి టంగుమని మోగించింది.

అంతే. గది గదంతా ఒక్కసారి లేచి నిలబడింది. కుర్చీలు పడిపోయాయి. ఒక నర్సమ్మ చేతులకి తొడుగులు వెతుక్కుంటోంది. డ్రైవరు జేబులో తాళాలు తడుముకుంటున్నాడు. గుమ్మం పక్కనున్న ఫైరు కుర్రవాడైతే అప్పటికే సగం మెట్లు దిగేశాడు. మరి వాళ్ల బతుకుల్లో గంట అంటే ఒకటే అర్థం, లేచి పరిగెత్తమని. గంట మోగితే ప్రశాంతంగా కూర్చోమంటే ఎవరి తరం?

ఊపిరి మేడం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. "తప్పు నాదే, తప్పు నాదే" అంటూ గంటని సంచిలో పెట్టేసింది. మెట్లు దిగినవాణ్ణి కేకేసి వెనక్కి పిలిచారు. ఆ నవ్వులతోనే మొదటి క్లాసు గడిచిపోయింది.

రెండో క్లాసులో ఆవిడ గంట జోలికి పోలేదు. "కళ్లు మూసుకోండి. ఊపిరిని గమనించండి. మార్చొద్దు, లెక్కపెట్టొద్దు. ఎలా ఉందో ఊరికే గమనించండి చాలు" అంది.

బాబాయ్‌కి ఇది వెన్నతో పెట్టిన విద్య. కళ్లు మూసుకుని చక్కగా గమనించాడు. కాసేపయ్యాక ఆవిడ ఒక్కొక్కరినీ అడుగుతూ ఈయన దగ్గరికి వచ్చింది.

"బాబాయ్‌గారూ, ఏం గమనించారు?"

"కిటికీ పక్కనున్న ఫైరు తమ్ముడికి ముక్కు ఒకవైపు మూసుకుపోయిందండీ. నా వెనకున్న నర్సమ్మగారికి జలుబు దిగుతోంది, ఇవాళో రేపో పట్టేస్తుంది. మా డ్రైవరు నిద్రపోయాడు."

గది గొల్లుమంది. డ్రైవరు ఉలిక్కిపడి లేచి, "లేదండీ, గమనిస్తున్నానండీ" అన్నాడు.

"బాగా విన్నారు," అంది మేడం నవ్వుతూనే. "మరి మీది?"

"నాదా? నాకేమైందండీ, నేను శుభ్రంగా ఉన్నాను."

"శుభ్రంగానే ఉన్నారు, కాదనడం లేదు. మీ ఊపిరి ఎలా ఉంది అని అడుగుతున్నా."

 ఊపిరిని గమనించమంటే అవతలివాళ్లది అనుకున్నాడు పాపం. ఏళ్ల తరబడి ఊపిరి అన్న మాటకి ఆయన నిఘంటువులో అదే అర్థం. తనది ఎలా ఉందో నిజంగానే ఆయనకి తెలియదు. సిగ్గుపడ్డాడు. దారంతా డ్రైవరు ఆటపట్టిస్తూనే ఉన్నాడు. "బాబాయ్, నీ ఊపిరి బండిలోనే మర్చిపోయినట్టున్నావ్, వెనక సీటు కింద చూడు" అని.

మూడో క్లాసులో మేడం కుర్చీ తెచ్చుకుని సరిగ్గా ఈయన ఎదురుగా కూర్చుంది. మిగతావాళ్లు కళ్లు మూసుకున్నారు. ఆవిడ మాత్రం ఈయన ఛాతీనే చూస్తోంది. కాసేపటికి ముందుకు వంగి, పక్కవాళ్లకి వినపడకుండా చెప్పింది.

"బాబాయ్‌గారూ, మీరు మళ్లీ వాళ్లది వింటున్నారు."

"ఎలా తెలిసిందండీ?"

"మీరు వినేటప్పుడు మీది ఆపేస్తున్నారు."

బాబాయ్ కళ్లు తెరిచాడు. నిజమే. ఆ క్షణంలో కూడా ఊపిరి బిగబట్టే ఉన్నాడు. గబుక్కున వదిలాడు.

"ఆపకపోతే ఎలా వినపడుతుందండీ? బండిలో ఇంజను మోత, సైరన్ మోత, చుట్టాల ఏడుపులు. మధ్యలో నాది కూడానా?"

"నేనూ వార్డులో అలాగే చేసేదాన్ని. డ్యూటీ దిగేసరికి మెడా భుజాలూ కొయ్యబారిపోయేవి. కానీ ఇక్కడ బండి లేదు, రోగి లేడు. ఒక్క నిమిషం మీది మీరు వినండి."

ఆయన ప్రయత్నించాడు. గాలి లోపలికి వెళుతోంది, బయటికి వస్తోంది. అందులో భయపడ్డానికి ఏముంది చెప్పండి? అయినా ఆయనకి చెమటలు పట్టాయి.

"నావల్ల కాదు మేడం," అన్నాడు గొంతు తగ్గించి. "నేను నాది వింటుంటే వాళ్లది వినపడదు. ఆ కాసేపట్లోనే ఏదైనా అయితే?"

ఎవరి గురించి అని ఆవిడ అడగలేదు. వార్డులో పనిచేసిన మనిషి, అడగకుండానే అర్థం చేసుకుని ఉంటుంది.

"అవ్వచ్చు," అంది. "మీరు వింటున్నా అవ్వచ్చు కదా బాబాయ్‌గారూ."

ఇంకెవరైనా అయితే అలాంటిదేమీ కాదులెండి అని ఓదార్చేవారు. ఆవిడ ఉన్నమాట అంది. బాబాయ్‌కి ఒళ్లు మండిపోయింది. ఇదేనా నేర్పేది, దీనికేనా డ్యూటీ మానేసి వచ్చింది అని లోలోపల గొణుక్కుంటూ, క్లాసు అవగానే కాఫీ కూడా తాగకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు. కోపం ఆవిడ మీద అనుకున్నాడు గానీ, ఆ మాట నిజం కాబట్టే మండిందని మనకి తెలుస్తూనే ఉంది.

ఆ కోపంతో ఇంటికి వచ్చి చేసిన పని ఏమిటంటే, మధ్యాహ్నం పూట హాయిగా నిద్రపోతున్న పిల్ల అరికాలి మీద టక్కున తట్టడం.

పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. పక్కనే అప్పుడే కన్ను మూతపడ్డ కూతురు దిగ్గున లేచింది. పాపం ఆమెకీ నిద్రలేక కళ్లు పీక్కుపోయాయి. అన్నాళ్లూ ఓపిక పట్టింది, ఇంక పట్టలేకపోయింది.

"చాలు నాన్నా! దాన్ని పడుకోనివ్వవు, నన్ను పడుకోనివ్వవు. పైకప్పు కారితే కారనీ, ఆదివారం ఆయన్ని రమ్మంటా, మా ఇంటికి మేం పోతాం!"

"ఆ చెమ్మలోకా? పసిదాన్ని తీసుకునా?"

"ఆ చెమ్మలో అయినా నిద్ర పడుతుంది!"

బాబాయ్ ఉయ్యాల వైపు చూశాడు. అక్కడ ఎవరు చూస్తారు? ఎవరు వింటారు? ఆ రాత్రి డ్యూటీ లేదు, అయినా ఆయనకి నిద్ర పట్టలేదు. భార్య అటు తిరిగి పడుకునే ఒక మాట అంది.

"ఏవండీ, ఇన్నాళ్లయింది కదా. దాన్ని ఒక్కసారైనా ఎత్తుకున్నారా మీరు?"

  ఎత్తుకోలేదు, అదీ నిజం. వేలు పెట్టి చూశాడు, చెవి ఒగ్గి విన్నాడు, అరికాలు తట్టాడు. రెండు చేతుల్లోకి తీసుకోవడం మాత్రం ఆయనవల్ల కాలేదు. అంత చిన్న ఒళ్లు చేతిలోకి వస్తే ఆ రెండు వేళ్లకీ వానాకాలం నాటి పని గుర్తొస్తుంది.

ఆదివారం వచ్చింది. కూతురు అన్నమాట ప్రకారం సంచులు సర్దడం మొదలుపెట్టింది. ఒకదాంట్లో పిల్ల బట్టలు, ఒకదాంట్లో పాలసీసాలు, గిలక్కాయలు. అల్లుడు సాయంత్రానికి కారు తెస్తానన్నాడు. బాబాయ్ ముందు గదిలో కుర్చీలో కూర్చుని, చదవని పేపరు పట్టుకుని, సంచి జిప్పు మూసిన చప్పుడు వినపడ్డప్పుడల్లా ఉసూరుమంటున్నాడు. భార్య వంటింట్లో ఉంది. ఇంతలో పిల్ల రాగం ఎత్తుకుంది. కూతురు ఒక చేత్తో పిల్లని, ఒక చేత్తో దుప్పట్ల మూటని పట్టుకుని గదిలోకి వచ్చింది.

"నాన్నా, కాస్త పట్టుకో. నాకు చేతులు ఖాళీ లేవు."

"అమ్మకివ్వమ్మా."

"అమ్మ చేతులు పిండిలో ఉన్నాయి. పట్టుకో నాన్నా, మనవరాలే కదా, కరవదు!"

ఆయన అవునో కాదో అనేలోపే పిల్లని ఆయన గుండెల మీద పెట్టేసి వెళ్లిపోయింది. పేపరు కింద పడింది. బాబాయ్ రెండు చేతులూ వాటంతట అవే వచ్చి పిల్ల వీపుని పట్టుకున్నాయి. వెచ్చగా ఉంది. అనుకున్నదానికంటే బరువుగా ఉంది. పిల్ల ఆయన చొక్కా బొత్తాం చూస్తూ ఏడుపు ఆపి, తల పక్కకి వాల్చింది.

ఈయన వెంటనే అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టి విన్నాడు.

పిల్ల కదిలింది, ముఖం చిట్లించింది, సన్నగా రాగం తీసింది. ఈయన ఇంకా గట్టిగా బిగబట్టాడు. పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది. మరి కింద ఉన్న గుండెలు ఉన్నట్టుండి బల్లలా బిగుసుకుపోతే ఏ పిల్ల పడుకుంటుంది? చివరికి ఆయనకి ఇక ఆగక, లోపలున్నదంతా ఒక్కసారి భుస్సుమని బయటికి వచ్చింది. పిల్ల ఆ గాలితోపాటు కిందికి దిగింది. ఆయన మళ్లీ గాలి పీల్చుకున్నాడు. పిల్ల పైకి లేచింది. ఏడుపు ఆగింది.

బాబాయ్ భయపడ్డాడు, ఉన్నమాట చెప్పాలి. ఇప్పుడు ఆయనకి పిల్ల ఊపిరి వినపడడం లేదు. తనదే వినపడుతోంది. కాస్త ఆపి వింటే తెలిసిపోతుంది, ఒక్కసారి, ఒక్క క్షణం. ఆపబోయాడు. పిల్ల వేళ్లు ఆయన చొక్కాని పట్టుకున్నాయి. ఆపలేదు. వింటున్నా అవ్వచ్చు కదా అన్న మాట గుర్తొచ్చింది, ఈసారి ఒళ్లు మండలేదు. కుర్చీలో వెనక్కి వాలాడు. పీల్చాడు, వదిలాడు. తన ఊపిరి చివర కొంచెం వణుకుతోందని అప్పుడు తెలిసింది ఆయనకి. ఎన్నాళ్ల నుంచి వణుకుతోందో మరి. పిల్ల లేస్తూ దిగుతూ, లేస్తూ దిగుతూ, నోరు తెరుచుకుని నిద్రపోయింది.

కూతురు చివరి సంచి తేవడానికి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. నాన్న చెంపల మీదుగా నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడానికి ఆయన చేతులు ఖాళీగా లేవు.

"నాన్నా, ఏమైంది?" అంది కంగారుగా, పిల్ల వైపు చూస్తూ.

"దీనికేం కాలేదమ్మా. ఇది బాగుంది. వానాకాలంలో ఒక పాపని తీసుకెళ్లాం బండిలో. ఇంతే ఉంటుంది. నిద్రలోనే పోయింది. నేను నొక్కుతూనే ఉన్నా అమ్మా, ఆసుపత్రి దాకా. రాలేదు."

కూతురు కిందికి కూలబడి ఆయన మోకాలి పక్కన కూర్చుంది. వానాకాలం అంటే ఎప్పుడో ఆమె లెక్క వేసుకుంది. అప్పుడు తను కడుపుతో ఉంది. నాన్న రోజూ ఫోన్ చేసి బాగున్నావా, బాగున్నావా అని ఒకటే అడిగేవాడు, తను విసుక్కునేది.

"ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"నీకెలా చెప్పను?"

 తర్వాత ఆమె నెమ్మదిగా అడిగింది. "ఆ పాప పేరేంటి?"

"కాగితంలో రాయాలి కదా, నేనూ అడిగాను వాళ్లమ్మని. ఇంకా పెట్టలేదండీ అంది."

అది చెప్పాక బాబాయ్‌కి ఏడుపు ఆగలేదు. మగమనిషి, పైగా ఇన్ని చావులు చూసినవాడు, ఎక్కెక్కి ఏడ్చాడు. ఆయన ఛాతీ ఎగిరెగిరి పడుతుంటే మీదున్న పిల్ల కూడా ఎగిరెగిరి పడింది గానీ లేవలేదు. కూతురు ఆయన చేతి మీద చెయ్యి వేసి, ఆ ఏడుపు సద్దుమణిగేదాకా అలాగే కూర్చుంది. తర్వాత అరచేత్తో నాన్న చెంపలు తుడిచింది, చిన్నప్పుడు ఆయన తనకి తుడిచినట్టే, కాస్త మోటుగా.

ఆపైన లేచి నిలబడింది. పిల్లని తీసుకుంటుందేమో అని బాబాయ్ చేతులు వదులు చేశాడు. ఆమె తీసుకోలేదు.

"నాన్నా, నువ్వు దీన్ని చూస్తుండు. నేను కాస్త నడుం వాలుస్తాను."

"నేనా?"

"ఇంకెవరు? బాగా నిద్రొస్తోంది."

ఆమె పడక గదిలోకి వెళ్లి తలుపు మూసుకుంది. పూర్తిగా మూసుకుంది. పిల్ల పుట్టాక ఆమె తలుపు మూసుకుని పడుకోవడం ఇదే మొదలు. బాబాయ్ ఆ మూసిన తలుపు వైపు చాలాసేపు చూశాడు.

సాయంత్రం కారు వచ్చి ఆగింది. బాబాయ్ భార్య చేతులు తుడుచుకుంటూ గబగబా బయటికి వెళ్లి, హారన్ మీదికి పోబోతున్న అల్లుడి చేతిని కిటికీలోంచే ఆపింది.

"పాప పడుకుందా అత్తయ్యా?"

"మీ పాపా పడుకుంది, మా పాపా పడుకుంది. చెప్పులు ఇక్కడే విప్పేసి మెల్లిగా రా బాబూ."

అల్లుడు వేళ్ల మీద నడుచుకుంటూ లోపలికి వచ్చాడు. గోడవారగా సర్దిన సంచులున్నాయి, మూసిన తలుపు ఉంది. కుర్చీలో మామయ్య, ఆయన గుండెల మీద పిల్ల. "నేను తీసుకోనా మామయ్యా?" అని సైగ చేశాడు.

బాబాయ్ తల అడ్డంగా ఊపాడు. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కి ఎప్పుడో మొద్దుబారిపోయింది. అయినా కదలలేదు.